విశాఖ ఫ్లాట్ హాల్లో హోమ్ థియేటర్: బేస్ దద్దరిల్లి, మాటలు ఎందుకు వినపడకుండా పోతాయి

సంక్షిప్తంగా: ఇంట్లో సినిమా సౌండ్ బాగుండకపోవడానికి స్పీకర్ పెట్టె చిన్నదవడం కన్నా అది ఉన్న చోటే ఎక్కువసార్లు కారణం. సుమారు 200 హెర్ట్జ్ (సెకనుకి 200 కంపనాలు) కింద వినిపించే బేస్‌ని, అంటే లోతైన శబ్దాన్ని, చాలావరకు హాలు కొలతలు, సబ్ వూఫర్ (బేస్ పలికే వేరే పెట్టె) ఉన్న చోటు, సోఫా ఉన్న చోటు కలిసి నిర్ణయిస్తాయి. ఇటుక గోడలు, స్లాబు, టైల్స్ ఉన్న మన ఇళ్లలో ఈ ప్రభావం ఇంకా బలంగా ఉంటుంది. ముందు కూర్చునే చోటు, తర్వాత సబ్ వూఫర్ చోటు, ఆ తర్వాతే స్పీకర్ల కొనుగోలు అనే వరసలో వెళ్తే అదే బడ్జెట్‌లో మెరుగైన ఫలితం వస్తుంది.

గందరగోళం ఎక్కడ మొదలవుతోంది

2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. 55, 65 అంగుళాల టీవీ కొనే ఇళ్లు పెరిగేకొద్దీ వెంటనే వచ్చే ప్రశ్న సౌండ్ గురించే, ఎందుకంటే టీవీ సన్నబడిన కొద్దీ దాని లోపల స్పీకర్‌కి చోటు తగ్గిపోయింది, పైగా చాలా టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. అక్కడి నుంచి సౌండ్‌బారా, 5.1 సెట్టా (ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్), అట్మాసా (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) అనే వెతుకులాట, డబ్బా మీద రాసిన వాట్ల లెక్క, అమెరికాలో తీసిన వీడియోల సలహాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

ఆ వీడియోల సలహాలు ఇక్కడ నేరుగా ఎందుకు పనిచేయవో ముందే చెప్పుకోవాలి. అక్కడి ఇళ్లలో గోడలు చాలావరకు చెక్క ఫ్రేము మీద బిగించిన జిప్సం బోర్డు. లోతైన శబ్దానికి అవి కొద్దిగా కదులుతాయి, కొంత బేస్‌ని పీల్చుకుంటాయి, కొంత బయటికి వదిలేస్తాయి. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో ఉన్న ఫ్లాట్‌లో అలా జరగదు. ఇటుక లేదా కాంక్రీటు గోడ, పైన స్లాబు, కింద విట్రిఫైడ్ టైల్స్ అంతా గట్టి పదార్థమే కాబట్టి బేస్ దాదాపు మొత్తం తిరిగి గదిలోకే వస్తుంది. అందుకే ఇక్కడ సబ్ వూఫర్ చిన్నదైనా చాలినంత శబ్దం వస్తుంది, చోటు కుదరకపోతే చిన్నదే అయినా భరించలేనంత మోత మోగిస్తుంది.

గది చేసే పని

శబ్దం గాలిలో సెకనుకి సుమారు 1130 అడుగులు వెళ్తుంది. దాన్ని హెర్ట్జ్‌తో భాగిస్తే ఒక్క తరంగం పొడవు వస్తుంది. 3000 హెర్ట్జ్ తరంగం నాలుగున్నర అంగుళాలు, 80 హెర్ట్జ్ తరంగం 14 అడుగులు, 30 హెర్ట్జ్ తరంగం దాదాపు 38 అడుగులు. అంటే ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) నుంచి వచ్చే శబ్దం హాల్లో చిన్న వస్తువు, సబ్ వూఫర్ నుంచి వచ్చేది హాలు కన్నా పెద్ద వస్తువు. హాల్లో పట్టని తరంగం గోడలకి కొట్టుకుని వెనక్కి వచ్చి తనతో తనే కలుస్తుంది. కలిసిన చోట రెండింతలవుతుంది, ఎదురుపడిన చోట కొట్టుకుపోతుంది.

గంగాళంలో నీళ్లు పోసి అటూ ఇటూ ఊపితే అంచుల దగ్గర నీళ్లు ఎగసిపడతాయి, సరిగ్గా మధ్యలో మట్టం దాదాపు మారదు. గదిలో గాలి ఒత్తిడి కూడా అంతే: గోడల దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ. దీన్నే రూమ్ మోడ్ అంటారు. ఏ హెర్ట్జ్ దగ్గర ఇది వస్తుందో లెక్కకట్టడం తేలిక. 565ని అడుగుల్లో ఉన్న కొలతతో భాగిస్తే మొదటి మోడ్ వస్తుంది, దానికి రెండింతలు రెండోది, మూడింతలు మూడోది. రెండో మోడ్‌లో మాత్రం గోడల దగ్గరే కాదు, మధ్యలో కూడా ఒత్తిడి ఎక్కువే, పావు వంతు దగ్గర తక్కువ.

ఇప్పుడు పొడవు 20 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10 ఉన్న హాలు తీసుకుందాం. రెండు బెడ్‌రూముల ఫ్లాట్లలో హాలు, డైనింగ్ కలిపి ఇలాంటి కొలత అరుదేమీ కాదు. పొడవు వైపు మొదటి మోడ్ 28 హెర్ట్జ్, రెండోది 56. వెడల్పు వైపు మొదటిది 56. ఎత్తు వైపు మొదటిది కూడా 56. మూడు దిక్కుల నుంచీ ఒకే సంఖ్య వచ్చి కూర్చుంది. సినిమాలో 56 హెర్ట్జ్ దగ్గర ఏం మోగినా, డప్పైనా, కారు పేలుడైనా, ఆ గది దాన్ని పట్టుకుని వదలదు. అదే గది 19 అడుగుల పొడవు, 11 వెడల్పు, తొమ్మిదిన్నర ఎత్తు అయితే ఈ మూడూ 59, 51, 59 దగ్గర పడతాయి. ఇదీ ఏమంత గొప్ప గది కాదు, కాకపోతే మూడూ ఒకచోట గుమికూడవు.

ఇక సోఫా సంగతి. మన హాళ్లలో మామూలుగా టీవీ ఒక పొడవాటి గోడకి, సోఫా ఎదురు పొడవాటి గోడకి ఆనించి, రెండూ గోడ మధ్యలో ఉంటాయి. పై లెక్క ప్రకారం అక్కడ కూర్చున్నవాళ్లకి ఏం వినిపిస్తుందో చూడండి. పొడవులో సరిగ్గా మధ్య కాబట్టి 28 హెర్ట్జ్ దాదాపు మాయం. అదే మధ్య చోటులో రెండో మోడ్ గరిష్ఠం కాబట్టి 56 హెర్ట్జ్ రెట్టింపు. తల వెనక గోడ ఉంది కాబట్టి వెడల్పు వైపు 56 కూడా గరిష్ఠానికి దగ్గరే. ఫలితంగా కడుపులో తగలాల్సిన లోతు రాదు, చెవిలో మాత్రం ఒకే స్వరం ధుమ్ ధుమ్మని మోగుతుంది. ఇది విన్న మనిషి సబ్ వూఫర్ చిన్నదైపోయింది, లోతు లేదు అనుకుని ఇంకా పెద్దది కొంటాడు. అది కూడా అదే చోట పెడితే లేనిది రాదు, ఉన్న మోత ఇంకా పెరుగుతుంది. హోమ్ థియేటర్ మీద వృథా అయ్యే డబ్బులో పెద్ద వాటా పోయేది ఇక్కడే.

సోఫాని కదిపితే ఏమవుతుంది

గోడకి ఆనిన సోఫాలో తల గోడకి అడుగు దూరంలో ఉందనుకుంటే, సోఫాని అడుగున్నర ముందుకి జరిపితే వెడల్పు వైపు మోడ్ ఒత్తిడి లెక్క ప్రకారం రెండున్నర డెసిబెల్స్ తగ్గుతుంది. వినడానికి చిన్న సంఖ్య, కానీ తల వెనకే ఉన్న గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని కూడా కాస్త ఆలస్యమై బలం తగ్గుతుంది కాబట్టి మాటల్లో స్పష్టత పెరుగుతుంది. పొడవు దిక్కున గోడ మధ్య నుంచి రెండడుగులు పక్కకి జరిగితే ఇంకో లాభం: మాయమైన 28 హెర్ట్జ్ కొంత తిరిగి వస్తుంది. టీవీ, ముందు స్పీకర్లు కూడా సోఫాతో పాటే జరగాలి, లేకపోతే ఎడమ కుడి బ్యాలెన్సు పోతుంది.

పది అడుగుల వెడల్పు హాల్లో అడుగున్నర వదులుకోవడం చిన్న విషయం కాదు, నడిచే దారి పోతుంది. కుదరకపోతే సినిమా చూసేటప్పుడు మాత్రం సోఫా జరిపినా చాలు. టైల్స్ మీద అడుగున ఫెల్ట్ ముక్కలు అంటించిన సోఫా ఇద్దరు నెట్టితే జరుగుతుంది. హాలుని పొడవునా వాడుకుని, టీవీని చిన్న గోడకి పెట్టే వీలున్న ఇళ్లలో సోఫాని వెనక గోడకి గది పొడవులో మూడో వంతు దూరంలో ఉంచితే ఈ రెండు చిక్కులూ చాలావరకు తప్పుతాయి.

సబ్ వూఫర్‌కి చోటు

మూలలో పెడితే బేస్ ఎక్కువొస్తుందనేది నిజమే. నేల, రెండు గోడలు కలిసే చోట శబ్దం మూడు వైపుల నుంచి తిరిగి ముందుకే వస్తుంది. సిద్ధాంతం ప్రకారం ఒక్కో గోడ గరిష్ఠంగా 6 డెసిబెల్స్ కలుపుతుంది. కానీ మూల అనేది గదిలో ఉన్న అన్ని మోడ్లనీ పూర్తిగా లేపే చోటు కూడా. బరువు నైరుతిలో ఉండాలని సబ్ వూఫర్‌ని ఆ మూలకి జరిపే ఇళ్లున్నాయి, ఖాళీ అక్కడే ఉందని జరిపే ఇళ్లు ఇంకా ఎక్కువ. ఏ దిక్కు మూలైనా బేస్ పెరిగే తీరు ఒకటే.

పై ఉదాహరణ హాల్లోనే, టీవీ గోడ వెంట పక్క గోడకి సరిగ్గా 5 అడుగుల దూరంలో, అంటే పొడవులో పావు వంతు దగ్గర సబ్ వూఫర్ పెడితే ఒక మేలు జరుగుతుంది. పొడవు వైపు రెండో మోడ్‌కి అది నిశ్చలంగా ఉండే చోటు కాబట్టి అక్కడి నుంచి ఆ 56 హెర్ట్జ్ మోడ్ దాదాపు లేవదు, 28 మాత్రం లేస్తుంది. వెడల్పు వైపు 56 మిగిలే ఉంటుంది. దాన్ని తగ్గించాలంటే ఇంకో సబ్ వూఫర్ ఎదురు గోడకి, సోఫా పక్కన, పెట్టాలి. ఆ మోడ్‌లో ఎదురెదురు గోడల దగ్గర ఒత్తిడి ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటుంది, రెండు సబ్ వూఫర్లూ ఒకేసారి ఒకేలా నెడితే ఆ ఊపు పుట్టకముందే చల్లారిపోతుంది. ఆడియో పరికరాల కంపెనీ హర్మన్‌లో టాడ్ వెల్టీ 2002లో వెలువరించిన పరిశోధన కూడా ఇదే చెప్పింది: దీర్ఘచతురస్రపు గదిలో ఎదురెదురు గోడల మధ్యలో రెండు, లేదా నాలుగు గోడల మధ్యలో నాలుగు సబ్ వూఫర్లు ఉంటే కూర్చునే చోట్ల మధ్య తేడా బాగా తగ్గుతుంది, నాలుగు దాటితే పెద్దగా లాభం లేదు. ఒక్క 12 అంగుళాల దానికి పెట్టే డబ్బుతో రెండు 8 లేదా 10 అంగుళాలవి వస్తే, నలుగురు కూర్చుని చూసే ఇంటికి రెండు కొనడమే మంచిది.

ఒక్కటే ఉంటే చోటు వెతకడానికి పాత పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. సబ్ వూఫర్‌ని తీసుకెళ్లి సోఫాలో తల ఉండే చోట పెట్టాలి. బేస్ స్వరాలు పైకీ కిందికీ మారుతూ ఉండే పాట ఒకటి మళ్లీ మళ్లీ పెట్టి, హాల్లో సబ్ వూఫర్ పెట్టగలిగిన ప్రతి చోటా నేల దగ్గర చెవి పెట్టి వినాలి. ఏ చోట స్వరాలన్నీ సమానంగా, ఒక్కటీ మోత మోగకుండా వినిపిస్తే అదే దాని చోటు. శబ్దం పుట్టే చోటు, వినే చోటు తారుమారు చేసినా ఫలితం ఒకటే అనే భౌతిక సూత్రం మీద ఇది నడుస్తుంది. మన ఫ్లాట్లలో హాలు ఒక పక్క డైనింగ్‌లోకో నడవాలోకో తెరుచుకుని, ఇంకో పక్క బాల్కనీ అద్దాల తలుపు ఉంటుంది కాబట్టి కాగితం మీద లెక్క సుమారుగానే కుదురుతుంది, చెవి పెట్టి వినడం తప్పదు. ఇంకాస్త ఓపిక ఉన్నవాళ్లకి రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, కొలత మైకు ఒకటి ఉంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోగుతోందో గీత గీసి చూపిస్తుంది.

రిసీవర్లో (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే ఆంప్లిఫయర్ పెట్టె) ఉండే ఆడిసీ, వైపావో, డిరాక్ లాంటి ఆటో కాలిబ్రేషన్ (మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సర్దే సదుపాయం) దీన్నంతా సరిచేస్తుందనుకోవడం సగమే నిజం. మోత మోగే హెర్ట్జ్‌ని అవి తగ్గించగలవు. కొట్టుకుపోయిన హెర్ట్జ్‌ని మాత్రం తేలేవు, అక్కడ ఎంత శక్తి పోసినా గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా అంతే పెరిగి మళ్లీ కొట్టేస్తుంది. అందుకే ముందు చోటు, తర్వాతే కాలిబ్రేషన్.

సీల్డా, పోర్టెడా

మూసిన పెట్టె సబ్ వూఫర్ శబ్దం తన హద్దు కింద, హెర్ట్జ్ సగమైన ప్రతిసారీ, అంటే ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా తగ్గుతుంది. గొట్టం ఉన్న పోర్టెడ్ పెట్టె హద్దు వరకూ గట్టిగా వినిపించి, అక్కడి నుంచి 24 చొప్పున నిట్టనిలువునా పడిపోతుంది. అంటే ఒకే ధరలో 25-40 హెర్ట్జ్ మధ్య పోర్టెడ్ ఎక్కువ గట్టిగా పలుకుతుంది, కాకపోతే పెట్టె పెద్దది. గట్టి గోడల చిన్న హాళ్లలో గది కింది హెర్ట్జ్‌కి తనే కొంత బలం ఇస్తుంది కాబట్టి సీల్డ్ పెట్టె నెమ్మదిగా తగ్గే గుణం ఇక్కడ బాగా కలిసొస్తుంది. 2000 ఘనపుటడుగుల హాలుకి మంచి 10 అంగుళాల పోర్టెడ్ గానీ 12 అంగుళాల సీల్డ్ గానీ చాలు. డైనింగ్, నడవా కలిసి తెరుచుకుని ఉంటే బేస్ నింపాల్సింది ఆ మొత్తం గాలిని, అప్పుడు ఒక సైజు పైకి వెళ్లాల్సి ఉంటుంది.

80 హెర్ట్జ్ దగ్గర గీత

సుమారు 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి పోల్చుకోలేదు. సినిమా హాళ్ల ప్రమాణాలతో మొదలైన టీహెచ్‌ఎక్స్ తన ఇంటి సిస్టమ్స్‌కి క్రాసోవర్ (ఏ హెర్ట్జ్ కింది శబ్దం సబ్ వూఫర్‌కి వెళ్లాలో చెప్పే గీత) 80 దగ్గర పెట్టింది అందుకే. ఆ కిందిదంతా సబ్ వూఫర్‌కి పంపితే ముందున్న స్పీకర్ల మీద భారం తగ్గుతుంది, రిసీవర్ మీద కూడా. టవర్ స్పీకర్లున్నవాళ్లు సెట్టింగ్‌లో లార్జ్ అని పెట్టుకుంటారు, పెద్దవి కాబట్టి. అక్కడ ఆ మాటకి అర్థం స్పీకర్ సైజు కాదు, బేస్ మొత్తం దానికే పంపమని. టవర్లకైనా స్మాల్, 80 అని పెట్టడమే చాలా ఇళ్లలో మేలు.

సెట్‌గా అమ్మే చిన్న క్యూబ్ స్పీకర్లతో చిక్కు వేరు. మూడంగుళాల డ్రైవర్ 120 లేదా 150 హెర్ట్జ్ కింద పలకలేదు కాబట్టి గీత పైకి జరుగుతుంది. అప్పుడు మగవాళ్ల గొంతులో కింది భాగం కూడా సబ్ వూఫర్ నుంచే వస్తుంది, అది హాలు వెనక మూలలో ఉంటే మాట సగం తెర దగ్గర, సగం వెనక వినిపిస్తుంది. అలాంటి సెట్ ఉంటే సబ్ వూఫర్‌ని టీవీ దగ్గరే ఉంచాలి. ఇంకో చిన్న సంగతి: రిసీవర్ క్రాసోవర్ పని చేస్తున్నప్పుడు సబ్ వూఫర్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ని పూర్తిగా చివరికి తిప్పాలి, లేకపోతే ఒకే శబ్దాన్ని రెండుసార్లు కోసినట్టవుతుంది. ఫేజ్ స్విచ్ విషయంలో లెక్కలు అక్కర్లేదు, 0, 180 రెండూ పెట్టి చూసి సోఫా దగ్గర బేస్ ఏది నిండుగా ఉంటే అది ఉంచేస్తే సరిపోతుంది.

మాటలు వినపడకపోవడం

ఇంట్లో అందరినీ ఎక్కువ విసిగించేది బేస్ కాదు, సంభాషణలు. వాల్యూమ్ పెంచితే ఫైట్ చెవులు పగలగొడుతుంది, తగ్గిస్తే హీరోయిన్ ఏమందో తెలియదు, చేతిలో రిమోట్ సినిమా అయ్యేదాకా దిగదు. 5.1 మిక్స్‌లో మాటలు చాలావరకు సెంటర్ చానల్లోనే ఉంటాయి. ఆ ఒక్క స్పీకర్ని మన ఇళ్లలో టీవీ యూనిట్ కింది అరలో, సెట్‌టాప్ బాక్సు పక్కన, లోపలికంటా తోసేస్తారు. అర అనేది ఒక పెట్టె, దానికి సొంత మోత ఉంటుంది. గొంతు అందులోంచి కుండలో మాట్లాడినట్టు వస్తుంది. స్పీకర్ ముందు భాగం అర అంచుకి సమానంగా, వీలైతే అర అంగుళం బయటికి ఉండాలి, కింద ఒక రబ్బరు ముక్క పెట్టి ట్వీటర్ని కూర్చున్నవాళ్ల మొహం వైపు పైకి వంచాలి. యూనిట్ పైన గ్రానైటో గాజో ఉండి స్పీకర్ దాని మీద లోపలికి ఉంటే ఆ పలక మీంచి తిరిగొచ్చే శబ్దం కూడా మాటల్ని చెడగొడుతుంది.

అడ్డంగా పడుకోబెట్టినట్టుండే సెంటర్లలో, మధ్యలో ట్వీటర్, అటూ ఇటూ ఒక్కో వూఫర్ ఉన్న రకానికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. సోఫా చివర కూర్చున్నవాళ్లకి రెండు వూఫర్ల దూరం వేరువేరు కాబట్టి గొంతులో కొన్ని హెర్ట్జ్‌లు కొట్టుకుపోతాయి. సోఫా వెడల్పుగా ఉండి దూరం తక్కువైతే ఇది బాగా తెలుస్తుంది. ముందు మూడు స్పీకర్లూ ఒకే సిరీస్‌వి ఉండటం కూడా ముఖ్యమే, లేకపోతే పాత్ర తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే గొంతు మారిపోతుంది.

చాలామంది చూడని కారణం ఇంకోటి ఉంది, అది వైరు. టీవీ సెట్టింగ్ పీసీఎం స్టీరియోలో, అంటే ఎడమ కుడి రెండు చానళ్లలోనే, ఉండిపోతే అసలు సెంటర్‌కి ప్రత్యేకంగా ఏమీ రాదు. ఆప్టికల్ వైరు డాల్బీ డిజిటల్ 5.1 వరకే మోయగలదు, ఓటీటీలు వాడే డాల్బీ డిజిటల్ ప్లస్‌ని మోయలేదు. హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దాన్ని రిసీవర్‌కి పంపే పోర్టు) దాన్ని అట్మాస్‌తో సహా మోయగలదు. బ్లూ-రేలోని ట్రూహెచ్‌డీ కావాలంటేనే దాని పెద్ద రూపం ఈఆర్క్ కావాలి. ఇక మన ఊళ్లో ఉక్కపోతకి ఏడాదిలో చాలా నెలలు ఫ్యానో ఏసీయో తిరుగుతూనే ఉంటుంది, ఆ హోరు కింద నెమ్మది మాటలు మునిగిపోవడం సహజం. సెంటర్ లెవెల్‌ని రిసీవర్లో 2 డెసిబెల్స్ పెంచుకోవడంలో తప్పేమీ లేదు.

ముందు, పక్క, పైన

ముందు ఎడమ, కుడి స్పీకర్లు సోఫా మధ్య నుంచి చూస్తే 22 నుంచి 30 డిగ్రీల మధ్య, ట్వీటర్లు చెవి ఎత్తున ఉండాలని డాల్బీ చెబుతుంది. గోడ నుంచి ఈ స్పీకర్ల వూఫర్ 3 అడుగుల దూరంలో ఉంటే వెనక నుంచి తిరిగొచ్చిన శబ్దం 94 హెర్ట్జ్ దగ్గర దాన్ని కొట్టేస్తుంది. అడుగు దూరంలో ఉంటే ఆ గుంట 280 హెర్ట్జ్ దాకా పైకి పోయి, గుంట లోతు కూడా తగ్గుతుంది. అందుకే ఫ్లాట్లలో స్పీకర్ గోడకి దగ్గరగా ఉండటం తప్పేమీ కాదు, రెండు నుంచి నాలుగడుగుల మధ్య వేలాడటమే ఇబ్బంది. పోర్టు వెనకాల ఉన్న రకమైతే నాలుగైదు అంగుళాలు గాలి వదలాలి.

5.1లో సరౌండ్లు, అంటే పక్క స్పీకర్లు, 90 నుంచి 110 డిగ్రీల్లో, అంటే సోఫాకి పక్కన, కాస్త వెనక్కి, చెవికి ఓ అడుగు పైన ఉండాలి. ఒక పక్క బాల్కనీ అద్దాలు, ఇంకో పక్క డైనింగ్ ఖాళీ ఉంటే గోడ దొరకదు, స్టాండు తప్పదు. అట్మాస్ కోసం పైకి కొట్టే స్పీకర్లు కొంటే పైకప్పు చదునుగా, ఏడున్నర నుంచి 12 అడుగుల ఎత్తులో ఉండాలి. ఉత్త స్లాబు దీనికి చక్కగా సరిపోతుంది. మెట్లు మెట్లుగా లైట్లు దాచిన ఫాల్స్ సీలింగ్, మధ్యలో తిరిగే ఫ్యాను ఉన్న హాల్లో మాత్రం శబ్దం చెదిరిపోతుంది. అక్కడ ఆ డబ్బు రెండో సబ్ వూఫర్‌కి పెట్టడం నయం.

వాట్లు

డబ్బా మీద పీఎంపీఓ (క్షణకాలం వచ్చే గరిష్ఠ వాట్లు) అని ఉంటే ఆ సంఖ్యని పక్కన పెట్టేయొచ్చు, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే వాట్లు) చూడాలి. వాట్లు రెండింతలైతే పెరిగేది 3 డెసిబెల్సే, చెవికి రెండింతలు అనిపించాలంటే పది రెట్లు కావాలి. 86 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న స్పీకర్‌కి బదులు 89 ఉన్నది కొంటే ఆంప్లిఫయర్ రెండింతలు పెద్దది కొన్నంత ఫలితం. పదడుగుల దూరంలో కూర్చునే హాలుకి 87-88 సెన్సిటివిటీ, నిజమైన 60-80 వాట్లు చాలా ఎక్కువే.

పై ఇల్లు, కింది ఇల్లు

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఈ కొలత డీబీఏలో, అంటే చెవికి తగ్గట్టు సవరించిన 'ఏ' స్కేలులో ఉంటుంది, ఆ స్కేలు 50 హెర్ట్జ్ శబ్దాన్ని 30 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. ఫోన్ యాప్‌లో సంఖ్య చిన్నగా ఉంది కదా అని ఊరుకుంటే కింది ఇంటివాళ్ల కిటికీ అద్దాలు అదురుతూనే ఉండొచ్చు. గోడ ఎంత బరువుదైనా హెర్ట్జ్ సగమైనప్పుడల్లా అది ఆపే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గిపోతుంది, కాబట్టి పక్కింటికి మాటలు చేరవు, బేస్ చేరుతుంది. సబ్ వూఫర్ కింద రబ్బరు లేదా ఫోమ్ ప్యాడ్ పెడితే పెట్టె నుంచి స్లాబులోకి దిగే అదురు తగ్గుతుంది, గాలిలో వెళ్లేది మాత్రం తగ్గదు. 56 హెర్ట్జ్ మోతని చోటు మార్చి తగ్గించడం పక్కింటికి కూడా మేలే, గొడవలు తెచ్చేది సాధారణంగా ఆ ఒక్క స్వరమే.

రాత్రి వాల్యూమ్ తగ్గిస్తే బేస్ పల్చబడినట్టు అనిపించడం సిస్టమ్ లోపం కాదు. తక్కువ శబ్దంలో చెవి లోతు స్వరాల్ని సరిగా పట్టదని పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. రిసీవర్లో డైనమిక్ ఈక్యూ లాంటిది ఉంటే అది ఈ తేడాని పూరిస్తుంది, నైట్ మోడ్ అయితే ఫైట్‌కీ మాటకీ మధ్య తేడా తగ్గిస్తుంది. పదిన్నర దాటాక సబ్ వూఫర్ బేస్ నాబ్ పెంచుకోవడం కన్నా ఇవి నయం.

ఉప్పుగాలి, తడిగుడ్డ

లాసన్స్ బే, బీచ్ రోడ్ వైపు ఇళ్లలో కిటికీ ఊచలకి తుప్పు పట్టే గాలే స్పీకర్ వెనకున్న రాగి తీగకీ తగులుతుంది. తీగ కొసలు నల్లగానో పచ్చగానో మారితే అంగుళం కత్తిరించి కొత్త కొస తీయాలి, బనానా ప్లగ్గులు బిగిస్తే ఈ పని తగ్గుతుంది. చవక వైరులో రాగి పూత వేసిన అల్యూమినియం ఉంటుంది, తేమలో ఆ రెండు లోహాలూ కలిసిన చోట త్వరగా పాడవుతుంది. అసలు రాగి 16 గేజ్ చాలు, దూరం 40 అడుగులు దాటితే ఇంకా లావైన 14. వూఫర్ అంచు చుట్టూ ఉండే సరౌండ్ ఫోమ్‌దైతే వేడికీ తేమకీ కొన్నేళ్లలో పొడైపోతుంది, రబ్బరుది ఎక్కువ కాలం వస్తుంది. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో నేల మీదుండే సబ్ వూఫర్ అడుగు చెక్క పొడితో చేసిన ఎండీఎఫ్, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. ఒకటిన్నర అంగుళం ఎత్తు కాళ్లు వేయిస్తే సరి.

గోడలో పైపులు

కొత్త ఫ్లాట్‌కి వుడ్ వర్క్ మొదలవకముందే చేయాల్సిన పని ఒకటుంది. టీవీ గోడ నుంచి సోఫా రెండు పక్కలకీ, సబ్ వూఫర్ పెట్టే అవకాశమున్న రెండు మూడు చోట్లకీ ఖాళీ పైపులు వేయించాలి. సోఫా పక్కన ఓ పవర్ సాకెట్ కూడా, రెండో సబ్ వూఫర్‌కి. స్పీకర్ వైరు, కరెంటు వైరు ఒకే పైపులో వద్దు. హెచ్‌డీఎంఐ ప్లగ్ పట్టాలంటే పైపు ఒకటిన్నర అంగుళం ఉండాలి, ఎలక్ట్రీషియన్ మామూలుగా వేసే ముప్పావు అంగుళంలో అది దూరదు. రిసీవర్, సబ్ వూఫర్, టీవీ ఒకే ఎర్త్ మీద లేకపోయినా, కేబుల్ టీవీ వైరు దారిలో వేరే ఎర్త్ కలిసినా సబ్ వూఫర్‌లో సన్నగా ఆగని హమ్ వస్తుంది. కేబుల్ వైరు పీకేస్తే ఆగిపోతే తప్పు దానిదే, దాని దారిలో ఐసోలేటర్ పెడితే పోతుంది. సాకెట్‌లో ఎర్త్ పిన్ను తీసేసి హమ్ ఆపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.